ఊఁ అనే దాకా

మా వదినను చివరిసారిగా మంచం మీద నుంచి స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు, ఆమె పనిచేసిన వార్డువాళ్ళు ఆమెను అడిగారు. అప్పటికే ప్రాణం పోయి కాసేపయింది. అయినా, అందరూ 'గోడ' అని పిలిచే ఆ భారీ మనిషి వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "అక్కా, లేద్దామా?" అన్నాడు. అని, ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు ఆగాడు. మంచానికి అటువైపు నిలబడ్డవాళ్ళూ ఆగారు. ఆ తర్వాతే చేతులు వేశారు.

ఆ ఆగడం వాళ్ళకు నేర్పింది మా వదినే. ఏడవడానికి మా ఇంట్లో ఇంకా చాలా రోజులున్నాయి. ఇది మాత్రం గర్వం కొద్దీ రాస్తున్నాను.

వదిన పెద్దాస్పత్రిలో వార్డు అటెండెంటు. తమంతట తాము లేవలేనివాళ్ళను మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బండి మీదికి, బండి మీద నుంచి ఎక్స్‌రే బల్ల మీదికి మార్చడం ఆమె పని. చూస్తే పిడికెడు మనిషి. ఆమెను చూసి కొత్త పేషెంట్లు "ఇంకెవరూ లేరా అమ్మా?" అని తలుపు వైపు చూసేవారట. "ఉన్నారు, వాళ్ళు నాకన్నా సన్నం" అనేదట వదిన.

ఆ వార్డులో ఒక మాట వాడరు. 'ఎత్తు' అన్న మాట. "ఆ చివరి మంచం ఎత్తేశారు" అంటే ఆ మంచం మీది మనిషి ఇక లేడని అర్థం. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు 'లేపు' అంటారు. మా వదిన ఆ మాట కూడా అనేది కాదు. "అయ్యా, కుర్చీలోకి వెళదాం. నా భుజం పట్టుకోండి. లేద్దామా?" అని అడిగి, అవతలి మనిషి "ఊఁ" అనే దాకా ఆగేది. నోట మాట రానివాళ్ళయితే కళ్ళు ఆర్పే దాకా. స్పృహ లేనివాళ్ళయితే ఒక ఊపిరి సేపు. నేను అచ్చుతప్పులు దిద్దుకుని బతికేవాణ్ణి కాబట్టి నా బుద్ధి వ్యాకరణం వైపే పోతుంది. 'లేపుతాను' అన్న మాటలో ఉన్నది ఒక్క మనిషి. 'లేద్దాం' అన్న మాటలో ఇద్దరున్నారు.

ఈ అలవాటు ఆమెకు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలావిడ చేసిందట. చెప్పాపెట్టకుండా చంకల కింద చేతులు వేసి లేపబోతే ఆవిడ కెవ్వున అరిచి, "ఏమే, నన్ను మనిషిననుకున్నావా, బీరువా అనుకున్నావా?" అని అడిగిందట. వదిన ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చివర్లో తనే నవ్వేది. "నిజమేగా మరి! బీరువానైనా ముందు లోపలి సామాను తీసి జరుపుతాం."

ఒక ఏడాది వానల్లో ఆస్పత్రి వెనక మెట్ల మీద ఆమె జారిపడింది. కుడి భుజం ఎముక విరిగింది. డ్యూటీ కోటుకు పిన్నుతో తగిలించుకునే చిన్న గడియారం కూడా మెట్టుకు కొట్టుకుని ఆగిపోయింది. భుజాన్ని డాక్టర్లు తీసుకున్నారు, గడియారాన్ని మా అన్నయ్య తీసుకున్నాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. మా ఇంటి వీధి గదే ఆయన దుకాణం.

ఎముక అతుక్కుంది. గడియారమే నడవలేదు. వదిన అడిగినప్పుడల్లా అన్నయ్య, కంటికి పెట్టుకున్న అద్దం తియ్యకుండానే, "పార్టు దొరకడం లేదు" అనేవాడు.

కట్టు విప్పాక పెద్ద సిస్టర్ దగ్గర నుంచి కబురొచ్చింది. భుజానికి అంత దెబ్బ తగిలినవాళ్ళు మళ్ళీ వార్డులోకి రావాలంటే ఒంటి సత్తువనూ కదలికనూ చూసే పరీక్ష ఒకటి నెగ్గాలి. వంగాలి, లేవాలి, ఒంటికాలి మీద నిలబడాలి, చెయ్యి తల మీదుగా పైకి చాపాలి. చివర్లో మనిషంత బొమ్మను మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చాలి. నెగ్గితే వార్డు. లేకపోతే కింది అంతస్తులో బట్టల గది. అక్కడ ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టడం తప్ప ఇంకో పని ఉండదు.

"ఇంకేం, హాయిగా బట్టల గదికే వెళ్ళు" అన్నాడు అన్నయ్య. "నీడపట్టున కూర్చుని దుప్పట్లు మడతపెట్టుకో. ఇన్నేళ్ళు మనుషుల్ని మోసింది చాలు."

"దుప్పట్లు మాట్లాడవండీ."

"గడియారాలూ మాట్లాడవు. నేను బతకడం లేదూ?"

"మీరు బతకగలరు. ఈ ఇంట్లో మీ వంతు కూడా నేనే మాట్లాడుతున్నానుగా."

నాకు నవ్వాగలేదు. అన్నయ్య నావైపు తిరిగాడు. "నువ్వు ఆవిడ పక్షమా?"

"నేను ఎవరి పక్షమూ కాదన్నయ్యా. తటస్థం."

"నువ్వు తటస్థమూ కాదు, మధ్యస్థమూ కాదు. నువ్వు బరువు" అంది వదిన నన్ను కిందా మీదా కొలిచినట్టు చూస్తూ. "రేపటి నుంచి నువ్వే నా పేషెంటువి."

అలా మా ఇంట్లో పరీక్షకు చదువు మొదలైంది.

మా వంటింట్లో గోడకు బిగించిన అరలున్నాయి. వదిన మొట్టమొదట చేసిన పని, పొయ్యి పక్కనుండే చక్కెర డబ్బాను కింది అరలోకి మార్చడం. కుడిచేత్తోనే తియ్యాలి, కుడిచేత్తోనే పెట్టాలి. అది సులువయ్యాక ఆ పై అర. అదీ సులువయ్యాక ఇంకో పై అర. పొద్దున టీ వేళకు వంటింట్లోంచి "అబ్బా!" అని వినిపిస్తే డబ్బా మరో మెట్టు ఎక్కిందని మాకు తెలిసిపోయేది. నేను ఆమెకన్నా పొట్టి. కొన్నాళ్ళకు స్టూలు వేసుకుంటే గాని నాకు చక్కెర అందకుండా పోయింది.

"వదినా, మనింట్లో చక్కెర అటకెక్కింది" అన్నాను.

"అటకెక్కాల్సింది నా ఉద్యోగం. దాని బదులు చక్కెరను ఎక్కించాను. నోరు మూసుకుని చప్పటి టీ తాగు."

పాలు కాగే దాకా ఒంటికాలి మీద నిలబడేది. నేను వంటింటి గుమ్మంలో నుంచి "కొంగ జపమా?" అని అడిగేవాణ్ణి. "కొంగకు చేప కావాలి, నాకు వార్డు కావాలి. జపం ఒకటే" అనేది కన్ను తిప్పకుండా. ఒకరోజు పాలు పొంగి పొయ్యంతా పారాయి. అన్నయ్య పరుగెత్తుకొచ్చి మంట ఆపేటప్పటికి వదిన ఇంకా ఒంటికాలి మీదే ఉంది. "చూస్తూ నిలబడ్డావేంటి?" అని ఆయన కేకలేస్తే, "పాలు మళ్ళీ కొనుక్కోవచ్చు. కాలు దించితే మళ్ళీ మొదటి నుంచి నిలబడాలి" అంది.

బట్టలు ఆరేసేటప్పుడు బకెట్టులోంచి ఒక్కో బట్ట తీయడానికి నడుము వంచకుండా మోకాళ్ళు వంచి కూర్చుని లేచేది. "బళ్ళో ఎగ్గొట్టిన గుంజీలన్నీ ఇప్పుడు తీస్తున్నాను" అని పక్కింటావిడకు గోడ మీదుగా చెప్పేది. తలుపు మీద తువ్వాలు వేసి, ఒక కొస ఎడమచేత్తో లాగుతూ కుడిచేతిని పైకి పంపేది. పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ, ఆ చేతితో మాట్లాడేది: "వెళదాం. ఇంకొంచెం. వెళదామా?" తన చేతిని కూడా అడక్కుండా కదిలించేది కాదు ఆమె.

ఇక సాయంత్రం నా వంతు. మా వదిన నన్ను మోసింది. ఇందులో అచ్చుతప్పు లేదు. మోసం చెయ్యలేదు, మోసింది. నేను మంచం మీద పడుకునేవాణ్ణి. ఆమె నన్ను పక్కకు తిప్పి, కాళ్ళు కిందికి దించి, కూర్చోబెట్టి, లేపి, ఒక అడుగు తిప్పి, కుర్చీలో కూర్చోబెట్టేది. మొదట్లో పనంతా ఎడమచెయ్యే చేసేది. కుడిచెయ్యి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఊరికే వేళ్ళాడేది. రానురాను అదీ పనిలోకి దిగింది.

"కూర్చుని చేసే పనేగా నీది? ఎక్కడిదయ్యా ఇంత ఒళ్ళు?"

"పరాయివాళ్ళ తప్పులు తిని పెరిగిన ఒళ్ళు వదినా. ఒక పట్టాన అరగవు."

అంతా బాగానే సాగుతుండగా నాకొక తెలివి పుట్టింది. పరీక్షలో బొమ్మ ఏమీ సాయం చెయ్యదు కదా, నేనూ బొమ్మలాగే ఉంటే ఆమెకు మంచి సాధన అవుతుందని. ఆ సాయంత్రం "లేద్దామా?" అంటే నేను పలకలేదు.

"నిన్నే. లేద్దామా?"

కళ్ళు మూసుకుని మూటలా పడి ఉన్నాను. ఆమెకు విసుగొచ్చి లాగింది. భుజం కలుక్కుమంది. ఇద్దరం వెళ్ళి కుర్చీలో పడాల్సింది, కుర్చీ పక్కన పడ్డాం.

చప్పుడుకు అన్నయ్య కంటి అద్దంతోనే పరుగెత్తుకొచ్చాడు. వదిన నేల మీద కూర్చుని భుజం పట్టుకుని ఉంది. ఆమెను అలా చూసి ఆయనకు భయం కోపమైంది.

"ఒకసారి విరగ్గొట్టుకుంది చాల్లేదా? మానెయ్. చెబుతున్నా, ఇక మానెయ్. పరీక్ష వద్దు, పాడూ వద్దు. ఆ బట్టల గదికి వస్తానని రేపే చెప్పెయ్."

వదిన భుజం పట్టుకునే లేచి, కుర్చీని దాని చోట పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున చూస్తే చక్కెర డబ్బా ఒక అర కిందికి దిగి ఉంది. నేను స్టూలు లేకుండానే తీసుకున్నాను. టీ తియ్యగానే ఉంది, సగంలో వదిలేశాను.

సాయంత్రం నేను ప్రూఫులు ముందేసుకుని కూర్చుంటే వచ్చి, "పడుకో" అంది.

"అన్నయ్య ఏమన్నాడో విన్నావుగా..."

"ఆయన గడియారాల సంగతి ఆయన్ని చూసుకోనీ. రాత్రంతా ఆలోచించాను. నిన్న తప్పు నా భుజానిది కాదు. నువ్వు ఊఁ అనలేదు."

"అంటే?"

"ఊఁ అన్న మనిషి ఒంట్లో ఏదో ఒకటి లేస్తుందయ్యా. కాలు లేవకపోతే మెడ లేస్తుంది. మెడ లేవకపోతే చిటికెనవేలైనా లేస్తుంది. ఊఁ అనని మనిషిని ముట్టుకుంటే రాయిని ముట్టుకున్నట్టే. నేను రాళ్ళు మొయ్యను."

"మరి పరీక్షలో బొమ్మ ఊఁ అనదు కదా వదినా?"

"బొమ్మ సంగతి బొమ్మ దగ్గర చూద్దాం. నువ్వు మాత్రం అను."

అప్పటి నుంచి తప్పకుండా అన్నాను. ఆమె "లేద్దామా?" అనడం, నేను "ఊఁ" అనడం, ఇద్దరం లేవడం. పక్కింటావిడ గోడ అవతల నుంచి "ఏంటమ్మా, మీ మరిదికి కథలు చెబుతున్నావా, రోజూ ఊఁ కొడుతున్నాడు?" అని అడిగింది కూడా. చక్కెర డబ్బా మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. అది అన్నిటికన్నా పై అరకు చేరిన రోజు వంటింట్లోంచి "అబ్బా" వినిపించలేదు. వదిన పిలిచి చూపించింది. డబ్బా ఒక్కటే అక్కడ, ఆమె వేళ్ళు అందే చివరి ఎత్తున, కిరీటంలా కూర్చుని ఉంది. అన్నయ్య కూడా చూశాడు. చూసి, దుకాణంలోకి వెళ్ళిపోయాడు.

పరీక్షకు ఆమెతో నేను వెళ్ళాను. చాపలు పరిచిన పొడవాటి గది. నన్ను లోపలికి రానివ్వలేదు, తెరిచిన తలుపు బయట బల్ల మీద కూర్చోమన్నారు. నా పక్కన, వార్డులో వదినతో పనిచేసే 'గోడ' వచ్చి కూర్చున్నాడు. అతను కూర్చోగానే బల్ల నా వైపు కొస కొంచెం పైకి లేచింది.

"ఆ బొమ్మను పొద్దున నేనే మోసుకొచ్చి పడుకోబెట్టాను బాబూ" అన్నాడు. "మహా మొండిది. అక్కకు చెప్పండి."

"నువ్వే చెప్పు."

"అక్కకు చెప్పేంతవాణ్ణా నేను?"

పరీక్ష చేసేది ఫిజియోథెరపీ అమ్మాయి. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. మెత్తగా మాట్లాడుతుంది, కానీ కళ్ళు దేన్నీ వదలవు. ఆమె ఒక్కొక్కటే చెప్పింది, వదిన ఒక్కొక్కటే చేసింది. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు, కాగే పాలను చూస్తున్నట్టే గదిలో ఎదుటి గోడ మీద ఒకచోట చూపు పెట్టి నిలబడింది. నేల మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవమంటే లేచింది. కుడిచెయ్యి పైకి చాపమన్నప్పుడు నేను బల్ల మీద నుంచి ముందుకు వంగాను. చెయ్యి వెళ్ళింది. చక్కెర డబ్బా దాకా వెళ్ళింది. దాన్ని దాటి ఇంకాస్త వెళ్ళింది.

"బాగుంది" అంది ఆ అమ్మాయి. "ఇక చివరిది. ఈ బొమ్మను కుర్చీలోకి మార్చాలి. ఎత్తండమ్మా."

ఆ మాటకు గోడ నాలుక కరుచుకున్నాడు. వదిన మంచం దగ్గరికి వెళ్ళింది. బొమ్మకు నీలం చొక్కా తొడిగారు. రెప్పలు లేని కళ్ళు, గీత గీసినట్టు మూసుకున్న నోరు. వదిన దాన్ని పక్కకు తిప్పి, కాళ్ళు కిందికి దించి, కూర్చోబెట్టింది. తన కాళ్ళు ఎడం చేసి, మోకాళ్ళు వంచి, దాని చేతిని తన భుజం మీద వేసుకుంది.

"అయ్యా, కుర్చీలోకి వెళదాం. నన్ను పట్టుకోండి. లేద్దామా?"

ఆగింది.

బొమ్మ గదిలో ఎదుటి గోడ వైపు చూస్తోంది. వదిన బొమ్మ వైపు చూస్తోంది. గదిలో ఏమీ కదలడం లేదు. భుజం పట్టేసిందేమో అనుకున్నాను. ఆ అమ్మాయీ అలాగే అనుకున్నట్టుంది. కలం కాగితం మీదికి దిగింది.

"నొప్పిగా ఉందా అమ్మా? పర్వాలేదు, వదిలెయ్యండి. ఇంతవరకు బాగానే చేశారు."

"నొప్పి కాదు తల్లీ" అంది వదిన, వంగిన చోటు నుంచి కదలకుండా. "ఈయన ఇంకా ఊఁ అనలేదు."

"ఎవరు?"

"ఈయనే."

"అమ్మా, అది బొమ్మ!"

"తెలుసు తల్లీ. బుర్రకు తెలుసు. చేతులకే తెలియడం లేదు. ఎంత చెప్పినా లేవడం లేదు."

వదిన మెడ మీద చెమట మెరుస్తోంది. అలా వంగి ఎంతసేపు నిలబడగలదు? ఇన్నాళ్ళ శ్రమ ఆ గీత లాంటి నోటి దగ్గర ఆగిపోయింది. సాధనలో ప్రతిసారీ ఆ చేతులకు జవాబిచ్చింది నేను. ఇప్పుడూ జవాబు చెప్పాల్సింది నేనేనని తట్టింది.

బల్ల మీద నుంచే అన్నాను: "ఊఁ."

వదిన లేచింది. బొమ్మ లేచింది. ఒక అడుగు తిరిగారు. బొమ్మ కుర్చీలో కూర్చుంది, మెల్లగా, అలసిపోయిన పెద్దమనిషిలా. వదిన దాని చొక్కా సర్ది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టింది.

ఆ అమ్మాయి తలుపు వైపు తిరిగింది. "ఎవరది?"

"మా మరిది. నా పాత పేషెంటు" అంది వదిన ఆయాసపడుతూ.

గోడ పకపకా నవ్వాడు. అతను నవ్వితే మా బల్ల ఊగింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ కాగితం చూసుకుంది. "నేను మిమ్మల్ని పక్క నుంచి సరిగా చూడలేదమ్మా. ఇంకొక్కసారి చేస్తారా? బయటివాళ్ళు మాట్లాడకూడదు" అంది. తర్వాత బొమ్మను మళ్ళీ మంచం మీదికి చేర్చి, అటు పక్కకు వెళ్ళి నిలబడింది. "ఈసారి ఊఁ నేనంటాను."

అంది. ఆ రెండోసారి మొదటిదానికన్నా బాగా వచ్చింది.

ఆ తర్వాత ఆ అమ్మాయి వదినను కుర్చీలో కూర్చోబెట్టి, తానూ ఎదురుగా కూర్చుంది. "మీ కదలిక చాలా బాగుందమ్మా. వార్డుకు వెళ్ళొచ్చని రాస్తున్నాను. కానీ భుజం పూర్తిగా పాత భుజం కాదు. ఇకనుంచి ఎవరినీ మీరొక్కరే లేపకూడదు. ఇంకొకరు తోడుండాలి. అదీ రాస్తున్నాను, ఏమనుకోకండి."

"నేనెప్పుడు ఒక్కదాన్నే లేపాను తల్లీ? లేచేవాళ్ళూ ఉంటారుగా నాతో."

"వాళ్ళు కాక ఇంకొకరు."

"అయితే ముగ్గురం. ఇంకా మంచిది."

"ఆ మూడోవాణ్ణి నేను" అన్నాడు గోడ, గుమ్మం నిండా నిలబడి. ఆమె రిటైరయ్యే దాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఆమె కోసమని అడగడం మొదలుపెట్టి, తనకోసం అడగడం నేర్చుకున్నాడు. అతన్ని చూసి కొత్తగా చేరినవాళ్ళు నేర్చుకున్నారు.

మేం ఇంటికి వచ్చేటప్పటికి అన్నయ్య దుకాణంలో వంగి పని చేసుకుంటున్నాడు. తలెత్తలేదు. ఏమైందని అడగలేదు. వదినా చెప్పలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. పై అర మీద నుంచి డబ్బా దిగిన చప్పుడు, మూత తీసిన చప్పుడు వినిపించాయి. "అబ్బా" లేదు. వంటింట్లోంచి ఏదో కూనిరాగం వస్తోంది.

అన్నయ్య ఆ రాగం విన్నాడు. కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. సొరుగు లాగి, బట్టలో చుట్టిన చిన్న పొట్లం తీసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. బట్ట విప్పాడు. వదిన గడియారం. కొత్త అద్దం వేసి, వెండి అంచు తళతళలాడేలా తుడిచి ఉంది. సెకన్ల ముల్లు తిరుగుతోంది.

"పార్టు దొరికిందా?" అంది వదిన.

"ఎప్పుడో దొరికింది."

వదిన ఆయన ముఖం చూసింది. ఆయన గడియారం వైపే చూస్తూ అన్నాడు: "ఇది నడిస్తే నువ్వూ బయల్దేరతావని ఇవ్వలేదు."

గుమ్మం పక్కన కొక్కేనికి ఉతికి ఇస్త్రీ చేసిన డ్యూటీ కోటు వేళ్ళాడుతోంది. పరీక్ష నెగ్గుతానో లేదో తెలియకముందే ఆమె దాన్ని సిద్ధం చేసి పెట్టుకుంది. అన్నయ్య దాన్ని తీసి, దులిపి, ఆమె వెనక నిలబడి తొడిగాడు. కుడిచెయ్యి ముందు. తర్వాత ఎదురుగా వచ్చి, గడియారం పిన్ను తెరిచి, కోటు జేబు మీద ఆనించి పట్టుకున్నాడు. ఆవగింజంత మరలను తడబడకుండా తిప్పే ఆ వేళ్ళు అక్కడే ఆగాయి.

"పెడదామా?" అన్నాడు.

పొయ్యి మీద టీ పొంగుకొస్తోంది. ఎవరూ అటు చూడలేదు. ఆయన ఆగాడు.

"ఊఁ" అంది వదిన.